గీకిన చోటు

"జిమ్మంటందయ్యా పెట్టె" అని
వజ్రమ్మ మూడు రోజుల్నించీ చెబుతూనే ఉంది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
తొడిమలు తీసే ఆడమనిషి మాట
ఏ రిజిస్టర్లో ఎక్కుతుంది?
గుమస్తా నవ్వాడు:
"మిరపకాయ చేతులు. మండక ఏం చేస్తయ్."

మండటం వేరు, జిమ్మనటం వేరు.
ముప్ఫయ్యేళ్ళు మిరపకాయతో కాపురం చేసినదానికి
ఆ మాత్రం తేడా తెలీదా.

నాలుగో రోజు
అన్నం క్యారేజీ తెచ్చి పానెల్ బోర్డు పిడికి తగిలించబోయింది.
తడి చెయ్యి, తడి నేల.
ఒలికిన పప్పుచారు ఇంకా ఆరకముందే
మాకు ఫోనొచ్చింది.

మేం వెళ్ళేసరికి బస్తాల మీద కూర్చుని ఉంది,
కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని,
అది తనది కానట్టు.

బాజీ మామ దేన్నీ ముట్టుకోలేదు.
చెప్పులు చూసుకున్నాడు. టెస్టర్ ఆనించాడు.
లోపలి బుడ్డి దీపం
సిగ్గూ శరం లేకుండా వెలిగింది.

"ఎర్తు ఉందిగా!" గుమస్తా వేలు చూపించాడు.
ఉంది. పచ్చ తీగ ఉంది, లగ్గు ఉంది, బోల్టు ఉంది,
పుర్రె బొమ్మ ఉంది, కింద ఎవరిదో సంతకం కూడా ఉంది.
మామ మెయిన్ దించి, ఫ్యూజులు పీకి
నా జేబులో పోసి, బోల్టు విప్పాడు.
లగ్గు కింద బూడిదరంగు పెయింటు,
ఫ్యాక్టరీలో కాల్చి పట్టించింది,
గీత పడలేదు.

"తీగ ఇందాకా వచ్చింది.
ఇనుము ఇందాకా వచ్చింది.
నడిమధ్య రంగు కూర్చుంది."
అంతే అన్నాడు. గరుకు కాయితం నా చేతికిచ్చాడు.

రూపాయి బిళ్ళంత మేర గీకాను,
ఘాటుకి తుమ్ముతూ, తుమ్మినప్పుడల్లా గీత తప్పుతూ.
బూడిదరంగు కింద ఎర్ర పూత,
దాని కింద ఎవరూ చూడని తెల్లటి ఇనుము.
దాని మీద పళ్ళ వాచరు.
బిగిస్తుంటే అది ఇనుమును కొరకటం
రెంచిలోంచి నా మోచేతిదాకా తెలిసింది.
అంచుకి కాస్త వాజలీను,
గాలికి తుప్పెక్కకుండా.

తలుపుకి వేరే తీగ అన్నాడు.
"కీళ్ళున్నయ్ కదా మామా, ఇనుపవేగా."
"కీళ్ళని నమ్మమాక. నా మోకాళ్ళు చూళ్ళా?"
అల్లిన రాగి జడ. పెట్టె నుంచి తలుపుకి,
తలుపు బార్లా తీసినా లాక్కోకుండా
కాస్త వదులుగా.

మా ఊళ్ళో ఎర్తు పెట్టటం అంటే
ఒకడి కొంప ముంచటం.
"వాడి ఉద్యోగానికి ఎర్తు పెట్టార్రా" అంటారు.
ఆ మాట విన్నప్పుడల్లా మామ
మొత్తం గుంటూరుకి తనే పెట్టానని నవ్వుతాడు.

గోడ వెనక ఎర్తు గుంట.
మూత మీద చిరిగిన గోతాలు, లోపల ఉప్పూ బొగ్గూ
మే నెల నాలికలా పిడచగట్టి ఉన్నాయి.
రెండు బిందెలు పోశాం. గుటక చప్పుడైంది.
మూడోది వజ్రమ్మ తెచ్చింది,
వద్దంటే వినలేదు, ఎడంచేత్తోనే మోసింది.
మీటరు ముల్లు పందొమ్మిది నుంచి
నాలుక్కి దిగి, అక్కడ కుదురుకుంది.

"ఒక వాచరూ, రెండు మూరల తీగా, కాస్త గీకుడూ.
దీనికి పద్దెనిమిది వందలా?"
గుమస్తా మూడొందలు కోశాడు.
మామ బేరమాడలేదు. ఫ్యూజులు పెట్టి, మెయిన్ ఎత్తి
"ఒకసారి మీరే తలుపు తీసి చూడండి" అన్నాడు.
గుమస్తా తన చెప్పులకేసి చూసుకున్నాడు.
తర్వాత, గొంతు సవరించుకుని,
"వజ్రమ్మా, నువ్వు తియ్యి."

కాయలు ఒలిచే చేతులన్నీ ఆగాయి.

టెస్టర్ ఈసారి గుడ్డిది.
మామ చెయ్యి తిరగేసి
జ్వరం చూసినట్టు వేళ్ళ వెనకవైపు ఆనించాడు.
తర్వాత అరచెయ్యి మొత్తం.
గుమస్తాని చూస్తూ
ఒక టీ తాగేంతసేపు అక్కడే ఉంచాడు.

వజ్రమ్మ లేచింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.
తనూ తిరగేసే ఆనించింది.
"లేదు" అంది.
అని, ఖాళీ క్యారేజీ తెచ్చి
మళ్ళీ ఆ పిడికే తగిలించింది.

మామ దాన్ని తీసి కింద పెట్టాడు.
"అది కొక్కెం కాదమ్మా."